కారం చేతులతో ఆడిన ఆట

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్ళు అడిగారు. చదువు గురించి, క్రమశిక్షణ గురించి, పెద్దల ఆశీస్సుల గురించి రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. అందుకని మేము బేస్‌బాల్ గురించి రాస్తున్నాం. నవ్వకండి. క్రోసూరులో బేస్‌బాల్ ఏమిటన్న అనుమానం మీకిప్పుడు వచ్చినట్టే 2015లో మాకూ వచ్చింది.

మేము అంటే తొమ్మిది మందిమి. రాస్తున్న చెయ్యి ఒకటే గానీ, వారం రోజులుగా రాత్రిళ్ళు ఫోన్లు చేసి "అది రాశావా, ఇది రాశావా" అని ప్రాణం తీస్తున్నవాళ్ళు ఎనిమిది మంది. రాస్తున్నవాళ్ళకి ఇరవై మూడేళ్ళు, నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువు. అమ్మానాన్నల వైపు ఎటు చూసినా డిగ్రీ పట్టా ఇంటికి తెచ్చిన మొదటి మనిషి. కానీ ఈ జ్ఞాపకాలు ఒక్కరివి కావు కాబట్టి "మేము" అనే రాస్తాం.

హాస్టల్లో పేర్ల సంగతి మీకు తెలిసిందే. ఒకే పేరున్నవాళ్ళు నలుగురైదుగురు ఉంటారు కనుక ఊరే పేరవుతుంది. మా క్యాచర్ పీసపాడు. ఎడమచేతివాడు గుడిపాడు. పరుగులో ఎవరికీ అందనివాడు ఉయ్యందన. బంతి విసిరేవాడు, అంటే పిచ్చర్, దొడ్లేరు. ఇప్పటికీ ఫోన్లో నంబర్లు ఆ ఊళ్ళ పేర్లతోనే ఉన్నాయి. దొడ్లేరు నుంచి ఫోన్ వస్తే పక్కనున్నవాళ్ళు ఊరంతా కలిసి చేస్తోందనుకుంటారు.

ముందు క్రికెట్ సంగతి చెప్పాలి. క్రికెట్ మాకు రాక కాదు. బ్యాటు ఎవరిదో వాళ్ళదే మొదటి బ్యాటింగు, బంతి ఎవరిదో వాళ్ళదే మొదటి బౌలింగు. మా దగ్గర రెండూ లేవు. కాబట్టి మాకు మిగిలేది కంచెల అవతల పడిన బంతులు తేవడం. "ఏయ్ హాస్టలూ, బంతి!" అని కేకేస్తే పరుగెత్తేవాళ్ళం. మా వంతు వచ్చేసరికి చీకటి పడేది, లేదా మా సాయంత్రం స్టడీ అవర్ బెల్లు మోగేది. ఆ మాట అనే కుర్రాళ్ళ మీద మాకిప్పుడు కోపం లేదు. అప్పుడు మాత్రం బాగా ఉండేది.

ఎనిమిదో తరగతిలో కొత్త పి.ఇ.టి. సార్ బదిలీ మీద వచ్చారు. ఆయనతో పాటు ఒక కాన్వాసు సంచి వచ్చింది. అందులో ఒక బ్యాటు, మూడు తోలు గ్లోవులు, నాలుగు తెల్ల బంతులు. బ్యాటు చూసి పీసపాడు అన్నాడు: "ఏందిరా ఇది, రోకలా?" గ్లోవు చూసి ఇంకొకడు పొయ్యి మీద గిన్నె దించేదనుకున్నాడు. సార్ నవ్వి, బంతి ఇచ్చి కుట్లు లెక్కపెట్టమన్నారు. ఒకరికి 96 వచ్చాయి, ఒకరికి 111. అసలు లెక్క 108 అట. ఆ సాయంత్రం అందరికీ 108 వచ్చేదాకా సార్ కదలనివ్వలేదు. ఆటలోకి మమ్మల్ని లాగిన ఉపాయం అదేనని తరువాత అర్థమైంది.

ఆటను ఆయన కర్రాబిళ్ళతో పోల్చి చెప్పారు. కర్రతో కొట్టడం, అవతలివాళ్ళు గాల్లో పట్టుకుంటే ఔట్, ఇదంతా మనకు తెలిసిందే. తెలియనిది బేసులు. హోమ్ దగ్గర నిలబడి కొట్టాలి, కుడివైపున్న మొదటి బేసుకి పరుగెత్తాలి, అక్కడినుంచి రెండు, మూడు, మళ్ళీ హోమ్. చుట్టి వస్తే ఒక పరుగు. బేసుకీ బేసుకీ మధ్య 90 అడుగులు. పిచ్చర్ నిలబడే చోటు నుంచి హోముకి 60 అడుగుల 6 అంగుళాలు. ఆ ఆరంగుళాలు దేనికని అడిగాం. "అది మాత్రం నన్నడగబాకండి, టేపు పట్టండి" అన్నారు సార్.

యూరియా సంచుల్లో మట్టి నింపి బేసులు చేశాం. పాత లారీ ట్యూబు కోసి అయిదు మూలల హోమ్ ప్లేటు చేశాం. మన నల్లరేగడి నేల సంగతి తెలుసుగా, వానాకాలం చెప్పులు లాగేసుకుంటుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. ఒకసారి కొట్టిన బంతి నేరుగా నెర్రెలోకి పోయింది. ఇద్దరం పడుకుని చెయ్యి పెట్టి వెతుకుతుంటే ఉయ్యందన మూడు బేసులూ చుట్టి ఇంటికొచ్చి, మా పక్కనే కూర్చుని "దొరికిందా?" అని అడిగాడు. ఆ పరుగు చెల్లుతుందా చెల్లదా అని రెండు రోజులు వాదించుకున్నాం.

ఈ ఆటలో మాకు నచ్చిందేమిటో చెబుతాం. బ్యాటింగు క్రమం ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. తొమ్మిది మందీ వరుసగా బ్యాటు పట్టాల్సిందే. తొమ్మిదోవాడి తరువాత మళ్ళీ మొదటివాడు. బ్యాటు ఎవరిదన్న ప్రశ్నే లేదు. వాడి వంతు వచ్చేదాకా ఎవరూ వాణ్ణి దాటి పోకూడదు. మా ఊళ్ళల్లో, బడిలో, బస్సులో ఎక్కడా చూడని రూలు ఇది. ఇంకో రూలు కూడా ఉంది. తొమ్మిది మందిని దించలేని జట్టు ఆడకుండానే ఓడిపోతుంది. స్కోరు పుస్తకంలో 9-0 అని రాస్తారు. ఈ రెండో రూలు వల్లే మా చేతులు మండాయి, ఆ కథకి వస్తున్నాం.

దానికి ముందు ఒక చిన్న మాట. బంట్ అని ఒకటుంది. బ్యాటు ఊపకుండా బంతికి మెల్లగా తగిలించడం. బంతి దగ్గరలోనే దొర్లుతుంది, కొట్టినవాడు దాదాపుగా ఔటవుతాడు. కానీ అవతలివాళ్ళు వాణ్ణి ఔట్ చేసే లోపల మన రన్నర్ ఒక బేసు ముందుకి జరుగుతాడు. దీన్ని పుస్తకంలో శాక్రిఫైస్ అని రాస్తారట, కొట్టినవాడి సగటులో దాన్ని లెక్కలోకి తీసుకోరట. సార్ ఇది చెబుతుంటే ఎప్పుడూ నోరు తెరవని గుడిపాడు అన్నాడు: "మా అక్క లాగానా సార్?" వాళ్ళక్క ఏడో తరగతిలో బడి మానేసి పత్తి చేలకి వెళ్ళేది, వీడు హాస్టల్లో చేరాడు. సార్ ఏమీ అనలేదు. కాసేపటికి "ఇంకో బంతి వెయ్యండ్రా" అన్నారు.

ఇక దొడ్లేరు గురించి. వాడి చెయ్యి ఎలాంటిదంటే, కంచె మీద కాకిని రాయితో కొట్టకుండా దాని పక్క ముల్లును కొట్టి ఎగరగొట్టేవాడు. సార్ వాడి చేత బంతి వేయించి చూసి చాలాసేపు ఊరుకున్నారు. ఆ రోజే మాకు రింకూ సింగ్, దినేశ్ పటేల్ కథ చెప్పారు. ఉత్తరప్రదేశ్ పల్లెటూళ్ళ కుర్రాళ్ళు, జావెలిన్ విసిరేవాళ్ళు, బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. 2008లో ఒక టి.వి. పోటీలో నెగ్గి అమెరికా వెళ్ళి, అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. వాళ్ళ మీద 2014లో సినిమా కూడా వచ్చింది. కథ విన్న దొడ్లేరు అడిగిన ప్రశ్న ఒక్కటే: "వాళ్ళ నాయన ఒప్పుకున్నాడా సార్?"

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా, 2017 ఫిబ్రవరిలో, సత్తెనపల్లి అవతల ఒక బడి జట్టుతో పోటీ కుదిరింది. అప్పటికి మనది ఇంకా గుంటూరు జిల్లానే. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది. పేరుకి స్నేహపూర్వక పోటీ గానీ, వేసవి శిక్షణ శిబిరానికి పిల్లల పేర్లు అక్కడే రాసుకుంటారని సార్ చెప్పారు. శిబిరం సర్టిఫికెట్ అంటే మాకు అప్పట్లో కలెక్టరు ఉద్యోగం కిందే లెక్క.

సంక్రాంతి సెలవులకి వెళ్ళినవాళ్ళు సగం మంది తిరిగి రాలేదు. మిరప కోతలు. ఇది మన హాస్టళ్ళకి కొత్త కాదు. జనవరి దాటితే హాజరు పట్టీ ఖాళీ అవుతుంది, చేలు నిండుతాయి. ఆట తెలిసినవాళ్ళం ఎనిమిది మందిమి మిగిలాం. రానివాడు దొడ్లేరు. పోటీ సోమవారం. శనివారం రాత్రి అన్నం పళ్ళాల ముందు కూర్చుని లెక్కపెట్టుకున్నాం. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఎనిమిదే.

ఆదివారం పొద్దున్నే వార్డెన్ సార్‌ని అడిగి ఎనిమిది మందిమీ వాళ్ళ చేనుకి పోయాం. వాళ్ళ నాన్న కౌలుకి ఎకరంన్నర మిరప వేశాడు. కాయ ఎర్రగా పండి ఉంది. దొడ్లేరు నెత్తికి తువ్వాలు చుట్టుకుని సాలులో వంగి కోస్తున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. వాళ్ళ నాన్నే లేచి వచ్చాడు.

"ఏంది బాబూ, ఇంతమంది వచ్చారు?"

చెప్పాం. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "కూలోళ్ళు దొరకట్లేదు నాయనా. ఇయ్యాల రేపట్లో ఈ నాలుగు మడులూ తెంపకపోతే కాయ చెట్టునే ఎండిపోద్ది. ఆటకి పంపితే నా అప్పు ఎవరు తీరుస్తారు, మీరే చెప్పండి" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. గట్టు మీద నిలబడ్డాం. అప్పుడు పీసపాడు చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, ఒక సాలులోకి దిగి కాయ తెంపడం మొదలుపెట్టాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. తలా ఒక సాలు పట్టాం.

మిరప కోత చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చెయ్యనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. మొదటి గంట ఏమీ అనిపించదు. తరువాత గోళ్ళ కింద మొదలవుతుంది. మధ్యాహ్నానికి అరచేతులు నిప్పుల మీద పెట్టినట్టుంటాయి. చెమట తుడుచుకున్నామా, కళ్ళు పోయినట్టే. మాలో నలుగురైదుగురం ఇళ్ళ దగ్గర కోతకి పోయినవాళ్ళమే. బెల్లంకొండ మాత్రం వాళ్ళమ్మానాన్నా తాపీ పని, వాడు మిరప చెట్టు ముట్టుకోవడం అదే మొదలు. ఏడుస్తూనే కోశాడు, ఆపమంటే ఆపలేదు.

దొడ్లేరు వాళ్ళమ్మ అన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ తెచ్చింది. మండుతున్న చేతులతో కలుపుకోలేక చూస్తూ కూర్చుంటే, ఆమే ముద్దలు చేసి తొమ్మిది మందికీ వరసగా చేతిలో పెట్టింది. బ్యాటింగు క్రమం లాగానే. మూడు వరసలు తిరిగింది. పొద్దుగూకేసరికి నాలుగు మడులూ అయిపోయాయి. చివరి టిక్కి కుట్టి, వాళ్ళ నాన్న కొడుకు వైపు చూడకుండా మాతోనే అన్నాడు: "తీసకపోండి. రేపు రాత్రికి మాత్రం ఇంట్లో ఉండాల."

ఆ రాత్రి హాస్టల్లో ఎవరమూ నిద్రపోలేదు. వంట అక్క కొబ్బరినూనె రాసింది, పెరుగు రాసింది, చివరికి "గాలికి ఊపుకోండ్రా" అంది. తొమ్మిది మందిమి వరండాలో చేతులు చాపుకుని కూర్చున్నాం.

పొద్దున బస్సెక్కి వెళ్ళాం. అవతలి జట్టుకి ఒకే రంగు బనియన్లు, ఆరేడు గ్లోవులు. మాకు మూడు గ్లోవులు, అవీ ఇన్నింగ్స్‌కి ఒకరం మార్చుకునేవి. గుడిపాడు ఎడమచేతివాడు గనుక వాడికి సరిపోయేది లేదు, గ్లోవు తిరగేసి బొటనవేలు చిటికెనవేలి సందులో దూర్చి ఆడేవాడు. ఇద్దరు సార్లూ మాట్లాడుకుని ఐదు ఇన్నింగ్సులే అన్నారు. ఎండకి చెమట పట్టి, మరిచిపోయి కళ్ళు తుడుచుకుని, ఆట మొదలవకముందే తొమ్మిది మందికీ కళ్ళ నీళ్ళు. "ఆడకముందే ఏడుస్తున్నారేంట్రా" అని వాళ్ళు నవ్వారు. మేము చెప్పలేదు. రెండో ఇన్నింగ్స్‌లో బంతి తుడిచి ఇస్తున్న అంపైర్ సార్ కూడా ఒకసారి కళ్ళజోడు తీసి కన్ను రుద్దుకున్నారు. అది దొడ్లేరు చేతి కారమేనని పీసపాడు ఇప్పటికీ ప్రమాణం చేస్తాడు. దుమ్ము అయుండవచ్చు.

దొడ్లేరు ఆ రోజు వేసిన బంతులు గురించి ఎంత రాసినా తక్కువే. వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. వేసిన ప్రతిసారీ చెయ్యి విదిలించుకునేవాడు. వాళ్ళ మంచి బ్యాటర్ ఇద్దరినీ మూడేసి బంతుల్లో పంపాడు. మధ్యలో మేమే కొన్ని పట్టలేకపోయాం, ఆరు పరుగులు మాకు, ఏడు వాళ్ళకి వచ్చాయి.

ఐదో ఇన్నింగ్స్. అతిథి జట్టు కాబట్టి ముందు మా బ్యాటింగు. రెండు ఔట్లు అయ్యాయి. మూడో బేసు మీద పీసపాడు ఉన్నాడు. బ్యాటు ఉయ్యందన చేతిలో. రెండు స్ట్రయికులు అయ్యాయి. మూడోది బలంగా ఊపాడు, తగల్లేదు. మూడు స్ట్రయికులు, ఔట్, ఆట మాకు అయిపోయిందనుకుని వాళ్ళు కేకలు పెట్టారు. కానీ బంతి వాళ్ళ క్యాచర్ గ్లోవుకి తగిలి వెనక్కి దొర్లింది. మా సార్ ప్రాక్టీసులో వందసార్లు చెప్పిన మాట, మూడో స్ట్రయిక్ క్యాచర్ చేతిలో నిలవకపోతే, రెండు ఔట్లు అయి ఉన్నప్పుడు, బ్యాటర్ మొదటి బేసుకి పరుగెత్తవచ్చు. అందరం ఒక్కసారే అరిచాం: "ఉయ్యందనా, ఉరుకు!" బ్యాటు పారేసి ఉరికాడు. వాడు ఉరికితే ఏముంది, బంతి వచ్చేసరికి బేసు మీద ఉన్నాడు. ఈ లోపల పీసపాడు మూడో బేసు నుంచి హోముకి వచ్చేశాడు. ఏడు-ఏడు.

వాళ్ళు ఒప్పుకోలేదు. మూడు స్ట్రయికులైతే ఔటే అన్నారు. చుట్టూ జనం, గొడవ. మాకు తెలిసిన లోకంలో ఇలాంటప్పుడు ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పాలా? సంచులు సర్దుకోవడమే. మా సార్ మాత్రం గొంతు పెంచలేదు. కాన్వాసు సంచిలోంచి జిరాక్సు కాగితాలు తీసి, ఆ పేజీ తిప్పి అంపైర్ చేతిలో పెట్టారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఎండలో నిలబడి నిదానంగా చదివారు. రెండోసారి చదివారు. "పరుగు చెల్లుతుంది" అన్నారు.

అంతే. తమ్ముళ్ళూ, మేము తరువాత చాలా పరీక్షలు పాసయ్యాం, స్కాలర్‌షిప్పులు అందుకున్నాం. మా మాట కాగితం మీద ఉంది గనుక, ఎదుటివాళ్ళ మైదానంలో, వాళ్ళ సారే చదివి, ఒప్పుకున్న రోజు అదొక్కటే గుర్తుంది.

ఆట ఓడిపోయాం. తరువాతి బ్యాటర్ ఔటయ్యాడు. వాళ్ళ బ్యాటింగులో ఒక బంతి గులకరాయికి తగిలి గుడిపాడు భుజం మీదుగా పోయింది. 8-7. తిరుగు బస్సులో ఎవరికీ సీటు దొరకలేదు, ఎవరికీ బాధ లేదు. శిబిరానికి మాలోంచి ఒక్క పేరే రాసుకున్నారు, దొడ్లేరు పేరు. వాడు చీకటి పడకముందే చేనుకి చేరి టిక్కీలు ఎత్తించాడు.

మే నెలలో పది రోజులు శిబిరానికి వెళ్ళాడు. ఆ పది రోజులకీ వాళ్ళ నాన్నే బస్సు చార్జీలు ఇచ్చాడు. సర్టిఫికెట్ తెచ్చి మా తొమ్మిది మందికీ చూపించాడు, తరువాత అది ట్రంకు పెట్టెలో అడుగున పెట్టాడు. పదో తరగతి పాసయ్యాడు. ఇంటర్ రెండో ఏడాదిలో మానేశాడు, ఆ ఏడు పంట పోయింది. ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర పని. మా అందరిలోకీ మంచి చెయ్యి వాడిది. యార్డులో టిక్కీలు మోస్తోంది ఆ చెయ్యే. దీనికి మేము ఓదార్పు ఏమీ రాయలేం.

డిగ్రీలో ఉండగా జాకీ రాబిన్సన్ సినిమా ఒకటి, 2013లో వచ్చింది, ఫోన్లో చూశాం. కౌలు రైతుల ఇంట్లో, జార్జియాలో పుట్టిన నల్లజాతి మనిషి. అంతవరకూ అరవై ఏళ్ళ పాటు అమెరికా పెద్ద లీగుల్లో నల్లవాళ్ళని ఆడనివ్వలేదు. 1947 ఏప్రిల్ 15న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో మొదటి బేసు మీద నిలబడ్డాడు. మనకి స్వతంత్రం రావడానికి సరిగ్గా నాలుగు నెలల ముందు. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో చదివింది కూడా ఆ న్యూయార్క్‌లోనే. రాబిన్సన్ చొక్కా మీది 42 నంబరును 1997లో అన్ని జట్లూ ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశాయి. ఏటా ఏప్రిల్ 15న మాత్రం ఆటగాళ్ళందరూ అదే నంబరు వేసుకుని దిగుతారు. ఏప్రిల్ 14 మన హాస్టల్లో ఎలా జరుగుతుందో తెలుసుగా. ఆ మర్నాడే ఇది. ఇది తెలిసిన రాత్రి మేము ముందుగా ఫోన్ చేసింది దొడ్లేరుకే. వాడు అంతా విని, "అంటే దండలు వాడకముందే ఇంకో పండగ అన్నమాట" అన్నాడు.

ఈ వ్యాసం సంగతి చెబితే వాడు పెట్టిన షరతు ఒక్కటే: "ఓడిపోయామని రాయి, పర్లేదు. మీరు మా చేలో కాయ తెంపింది మాత్రం వదలబాక. మా నాయన ఇప్పటికీ అడుగుతుంటాడు, ఆ బెల్లంకొండ పిలగాడి చేతులు తగ్గినయ్యా అని."

తగ్గాయి. బెల్లంకొండ ఇప్పుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు.

2028లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్ మళ్ళీ ఉంటుంది, అప్పుడు చూడండి. ఈ లోగా, పోయినేడాది మేము తొమ్మిది మందిమి తలాకొంత వేసుకుని రెండు గ్లోవులు కొన్నాం. వార్డెన్ సార్ గదిలో బీరువా మీద ఉన్నాయి, అడిగితే ఇస్తారు. ఒకటి ఎడమచేతివాళ్ళది, దాన్ని తిరగెయ్యక్కర్లేదు. వానలో తడిస్తే ఎండలో పెట్టబాకండి, తోలు పగులుతుంది. నీడన ఆరబెట్టి కొంచెం కొబ్బరినూనె రాయండి.